ఏడుగురు అత్తలూ నీళ్ళలో దిగిన రోజు

మా రాస్‌గారిఫ్ రేవులో పందెపు పడవలన్నిటికీ ముసలమ్మల పేర్లే. బ్రిడ్జెట్, అగాథా, నోనీ, విన్నీ, డిలియా, కిట్టీ, హనోరా. ఈ ఏడుగురూ పడవలు కట్టే జెరీ కాడొగన్‌కి మేనత్తలు. ఒక్కరికీ పెళ్ళి కాలేదు. కొండవాలున మంచి పచ్చిక నేల మాత్రం ఉండేది. ఒక్కో అత్త పేరూ ఒక్కో పడవకి పెడితే మురిసిపోయి ఆ నేల తన పేర రాస్తారని జెరీ ఆశపడ్డాడు. అత్తలు మురిసిపోయారు. నేల చర్చికి రాశారు. జెరీకి ఒక రాగి కెటిల్ వదిలి వెళ్ళారు.

ఆ కెటిలే మా పందెంలో బహుమతి. గెలిచిన పడవవాళ్ళు దాని నిండా విస్కీ పోసి ఊరంతటికీ తాగించాలి. జెరీ బతికున్నన్నాళ్ళూ అందరికంటే ఎక్కువ తాగింది ఆయనే. అత్తల ఆస్తిలో తన వాటా అలా వసూలు చేసుకుంటున్నానని అనేవాడు.

పందేనికి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఏడుగురూ వస్తేనే పందెం, ఒక్కరు తగ్గినా లేదు. ఒక అత్తని పిలవకుండా పెళ్ళి చేసినవాడు బతికి బట్టకట్టడని ఆయన నమ్మకం. నాకూ మేనత్తలున్నారు కాబట్టి నేనూ కాదనలేను.

అయితే నేను చెప్పబోయేది జెరీ గురించి కాదు, ఆయన కూతురు డింప్నా గురించి. రేవు పక్కన మాంసం కొట్టు నాది, నా పేరు టైగ్. కొట్టు మీది గదిలో డింప్నా కుట్టు మిషను. ఆమె తెరచాపలు కుడుతుంది, చర్చి తెరలు కుడుతుంది, పెళ్ళి గౌన్లు కుడుతుంది, ఫాదర్ క్విలిగన్ గారి ప్యాంట్లకి మాసికలు వేస్తుంది. అన్నిటికీ అదే మిషను, అదే దారం. అందుకే మా ఊళ్ళో కాపురాలు చిరిగినా పెళ్ళి గౌన్లు చిరగవు.

పని చేస్తున్నప్పుడు డింప్నా పెదాల మధ్య గుండుసూదులుంటాయి. అవి అక్కడున్నంతసేపూ ఎవరు ఏం అడిగినా ఆమె నుంచి మాట రాదు. ఎవరైనా బేరమాడటం మొదలుపెడితే చాలు, సూదులు నోట్లోకి వెళ్ళిపోతాయి. ఒకసారి బిషప్ గారంతటివాడు వచ్చి, చర్చి తెరలకి ఎరుపు బదులు నీలం వేయమ్మా అని గంటసేపు నచ్చచెప్పాడు. ఆయన కారెక్కి వెళ్ళాకే సూదులు బయటికొచ్చాయి. తెరలు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి.

రేవు గట్టు చివర చిన్న ఇత్తడి ఫిరంగి ఉంది. డింప్నాకి పదిహేనేళ్ళప్పుడు జెరీ దాన్ని ఆమెకి అప్పగించాడు. ఆడవాళ్ళు పందెపు పడవ ఎక్కకూడదని అప్పట్లో మావాళ్ళ కట్టుబాటు. ఎవరు పెట్టారయ్యా అంటే సముద్రం పెట్టిందనేవారు. మా మగాళ్ళ మీద సముద్రానికి అంత మోజు దేనికో నాకు ఎప్పటికీ అంతు పట్టలేదు. దాంతో డింప్నా పని గట్టు మీదే. పందెం మొదలవగానే ఒకసారి, మొదటి పడవ గీత దాటగానే ఒకసారి ఫిరంగి పేల్చాలి. తర్వాత గీత దాటే ఒక్కో పడవకీ రేకు గొట్టంలోంచి "చుక్కాని ఎవరిది?" అని కేక పెట్టాలి. చుక్కాని పట్టినవాడు లేచి నిలబడి, తన పూర్తి పేరు గట్టు దాకా వినపడేలా అరవాలి. అరిస్తేనే ఆ పడవ చేరినట్టు. ఊళ్ళో మగాళ్ళందరి పేర్లూ డింప్నా అలా వింటూ పెద్దదయింది.

మా అమ్మ ఒక సంగతి చెప్పేది. చిన్నప్పుడు డింప్నా తండ్రి షెడ్డులో సగం కట్టిన పడవ పొట్టలో కూర్చుని, చీపురుకట్ట కర్రని చుక్కానిలా పట్టుకుని, తన పేరు తానే అరుచుకునేదట. సుత్తి మోతలో ఎవరికీ వినపడేది కాదట. పెద్దయ్యాక నా దగ్గర ఒక్కసారే ఆ మాట ఎత్తింది.

"ఒక్కసారి, టైగ్. నిజం పడవ మీద, నిజం గీత దాటుతూ. ఆ తర్వాత నన్ను పాతిపెట్టేసినా నాకేం బాధలేదు."

"పాతిపెట్టడానికేం తొందర? ముందు నా ఏప్రన్ కుట్టివ్వు" అన్నాను. నా నోటికి సమయం సందర్భం ఉండదు.

కాలం గడిచి ఆ కట్టుబాటు ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. కానీ దానికి ముందే పందెం పోయింది. మినహాన్ సోదరుల పుణ్యం.

అన్న ఫాక్నా, తమ్ముడు కార్మక్. హనోరా వాళ్ళది. ఫాక్నా చుక్కాని దగ్గర, కార్మక్ తాళ్ళ దగ్గర. పందెపు పడవలు రేవు ఎదుటి దీవిని చుట్టి రావాలి. ఆ దీవి వెనకనుంచి ఎదురుగాలికి తిరిగొచ్చే దారిలో 'సన్యాసి' అని ఒక నల్లరాయి ఉంది. దాని ముందర పడవని మళ్ళించాలి. అప్పుడు చుక్కాని పట్టినవాడు "తిప్పుతున్నా!" అని అరుస్తాడు, తాళ్ళవాడు "సరే!" అని తాడు వదులుతాడు. చివరిసారి జరిగిన పందెంలో ఫాక్నా అరిచానంటాడు, కార్మక్ అరవలేదంటాడు. సన్యాసికి మాత్రం హనోరా ముక్కు తగిలింది. ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు, చెరో ఒడ్డుకి. ఆ రోజునుంచి పంతొమ్మిదేళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

పైగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర! ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో కుక్క ఉండాలి. "సార్జెంట్, ఆ పెద్దమనిషికి చెప్పు, టీ కాగిందని." "సార్జెంట్, ఈ పెద్దమనిషికి చెప్పు, ముక్కుంది, వాసన తెలుస్తోందని." ఇప్పుడున్న సార్జెంట్ మూడో సార్జెంట్. మొదటి రెండూ అలసిపోయి చచ్చాయి. ఆస్తి పంపకంలో, నీళ్ళలోంచి పైకి లాగిన పడవ ఒళ్ళు ఫాక్నా కొట్టంలోకీ, తెరచాపా దాని కొయ్యా కార్మక్ అటక మీదకీ వెళ్ళాయి. హనోరా లేక పందెం లేకుండా పోయింది. మిగతా అత్తలు తలో దిక్కూ అయ్యారు.

డింప్నాకి అరవై ఆరేళ్ళొచ్చిన వసంతంలో ఒక పొద్దున్న మెట్లు దిగి నా కొట్టులోకి వచ్చింది. మోకాళ్ళు నొప్పులతో ఒక్కో మెట్టునీ తిడుతూ దిగింది.

"టైగ్, ఈ ఆగస్టులో మేరీమాత పండగ మర్నాడు అత్తల్ని నీళ్ళలోకి దింపుతున్నాను."

"ఏ అత్తల్ని? ఏడుగురూ వస్తారా?"

"రాకపోతే జుట్టు పట్టుకుని లాక్కొస్తాను. ఈ మోకాళ్ళు ఇంకో ఏడు ఆగవు. చచ్చేలోపు ఏడు తెరచాపలూ ఒకేసారి గాలి పోసుకోవడం చూడాలి నాకు. ఆ సాసేజీలు ఒక దండ కొయ్యి, లంచానికి కావాలి."

అలా మొదలైంది. ఆ వేసవంతా మా ఊరికి పిచ్చి పట్టింది. కిట్టీ ఒకరి పశువుల తొట్టి అయింది. నోనీని బోర్లించి పబ్ వెనక ఉచ్చల దొడ్డికి కప్పు చేశారు, దాన్ని ఎత్తేసరికి కింద నిలబడివున్న వాళ్ళు సిగ్గుతో అటూ ఇటూ పరుగెత్తారు. అగాథాలో కోళ్ళు గుడ్లు పొదుగుతున్నాయి, పిల్లలయ్యేదాకా కదపనివ్వనని ఆ కోళ్ళావిడ తలుపుకి అడ్డం నిలబడింది. అన్నిటికంటే పెద్ద గొడవ బ్రిడ్జెట్‌తో వచ్చింది. ఫాదర్ క్విలిగన్ తన తోటలో ఆ పడవ నిండా మట్టి పోసి బంగాళాదుంపలు వేశాడు.

"ఈ పంట తీశాక పట్టుకెళ్ళు తల్లీ" అన్నాడాయన.

"మీ పంట కోసం సముద్రం ఆగదు, ఫాదర్."

"సముద్రాన్ని రెండుగా చీల్చినవాడు మా పక్షానే ఉన్నాడు."

"అయితే ఆయన్నే పిలవండి, మట్టి ఎత్తడానికి ఒక మనిషి తగ్గాడు" అంది డింప్నా. ఫాదర్ ఆ రోజు సాయంత్రందాకా తనే పార పట్టాడు.

పాత పడవల్ని పైకి తేవడం ఒకెత్తు, నీళ్ళు తాగించడం ఒకెత్తు. ఏళ్ళ తరబడి ఎండిన పలకలు ముడుచుకుపోయి సందులు పడతాయి. అలాంటి పడవని ఒడ్డు దగ్గర నీళ్ళలో ముంచి వారాల తరబడి వదిలేయాలి. పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి అదుముకుంటాయి, అప్పుడు తోడేస్తే తేలుతుంది. జూన్ నాటికి మా రేవులో ఆరుగురు అత్తలూ మెడ దాకా నీళ్ళలో కూర్చున్నారు. పొరుగూరివాళ్ళు చూసి, పుట్టి మునగడమంటే ఇదేనా అని ఎగతాళి చేశారు.

ఏడో అత్త మాత్రం కొట్టంలోనే ఉంది. డింప్నా ప్రతి గురువారం సాసేజీలతో మినహాన్ల ఇంటికి వెళ్ళేది. నన్నూ లాక్కుపోయేది.

"సార్జెంట్" అనేది కుక్క ముందు కూర్చుని, "ఈ ఇద్దరికీ చెప్పు, హనోరా లేక ఆరు పడవలు ఆగిపోయాయని."

ఫాక్నా గోడ వైపు చూస్తూ "సార్జెంట్, చెప్పు. నేను అరిచానని వాణ్ణి ఒప్పుకోమను, పడవ ఇస్తాను" అన్నాడు.

కార్మక్ కిటికీ వైపు చూస్తూ "సార్జెంట్, చెప్పు. అరవలేదని వాణ్ణి ఒప్పుకోమను, తెరచాప ఇస్తాను" అన్నాడు.

సార్జెంట్ సాసేజీ తిన్నాడు. జూలై అంతా ఇదే తంతు. తిరిగొచ్చే దారిలో డింప్నా ఒకసారి గోడ మీద కూర్చుండిపోయింది. మోకాళ్ళ నొప్పి అంది. అప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను. నేనేదో అనబోయాను. చప్పున సూదులు నోట్లో పెట్టుకుంది, చేతిలో కుట్టు లేకపోయినా సరే.

ఆగస్టు రెండో వారం ఆమెకి ఆ అన్నదమ్ముల మొండితనానికి మందు దొరికింది. నగరంనుంచి వేసవికి వచ్చే పళ్ళ డాక్టరు ఒకాయనకి ప్లాస్టిక్ పడవ ఉంది. తెల్లగా, నున్నగా, స్నానాల తొట్టిలా ఉంటుంది. డింప్నా ఆయన్ని బతిమాలి, దాని పక్కన పెద్ద ఎర్రక్షరాలతో 'హనోరా' అని రాయించి, మినహాన్ల కిటికీకి ఎదురుగా లంగరు వేయించింది. ఏడో అత్తకి కొత్త వాళ్ళొచ్చారని నా కొట్టులో గట్టిగా చెప్పింది. నా కొట్టులో గట్టిగా చెబితే చర్చి గంట కొట్టినట్టే.

ఆ మధ్యాహ్నమే ఆ ఇంట్లోంచి రెండు గొంతులు ఒకేసారి లేచాయి. "సార్జెంట్! ఆ డింప్నాకి చెప్పు, నా శవం మీదనుంచి వెళ్ళాలని!" రెండు గొంతులూ ఒక్క అక్షరం తేడా లేకుండా అదే మాటన్నాయి. మర్నాడు పొద్దున చూస్తే తెరచాప కొయ్య కొట్టం తలుపుకి ఆనించి ఉంది. తలుపు తీసే ఉంది.

కానీ పందేనికి నిండా వారం లేదు. హనోరాకి నీళ్ళు తాగించే టైము లేదు. తడి గోనెసంచులు కప్పాం, గొట్టంతో లోపల నీళ్ళు పెట్టాం, పలకల సందుల్లో నా కొట్టులోని కొవ్వు రాశాం. అయినా జల్లెడలా కారుతోంది.

"తోడిపోసేవాడుంటే తేలుతుంది" అంది డింప్నా నన్ను ఎగాదిగా చూస్తూ.

"నాకు ఈత రాదు" అన్నాను.

"మరీ మంచిది. ప్రాణభయం ఉన్నవాడే బాగా తోడతాడు."

పందెం రోజు రేవు గట్టు మీద ఈగ దూరే సందు లేదు. అకార్డియన్లు, నల్ల బీరు పీపాలు, నా సాసేజీల పొగ, గాలికి టోపీలెగిరిపోతున్న ముసలివాళ్ళు. ఆరుగురు అత్తలు తెరచాపలెత్తి రేవులో చక్కర్లు కొడుతున్నారు. అవన్నీ డింప్నా కుట్టినవే. గట్టు చివర ఫిరంగి పక్కన ఆమె అగ్గిపెట్టె పట్టుకుని నిలబడింది, ఆదివారం వేసుకునే టోపీ పెట్టుకుని. ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలిగిపోతోంది.

హనోరా మెట్ల పక్కన ఉంది. చుక్కాని దగ్గర ఫాక్నా, తాళ్ళ దగ్గర కార్మక్, ఇద్దరికీ మధ్య సార్జెంట్. పొట్టలో నేను, పంది రక్తం పట్టే బకెట్టుతో. తాడు విప్పబోతుండగా నేల పలకల సందుల్లోంచి నీళ్ళు లేచి సార్జెంట్ పాదాలు తడిశాయి. సార్జెంట్ కిందికి చూశాడు. ఫాక్నాని చూశాడు, కార్మక్‌ని చూశాడు. ఆ పడవలో బుద్ధున్నవాడు తనొక్కడేనని తేల్చుకున్నట్టు, ఒక్క గెంతులో మెట్ల మీదకి దూకి జనంలో కలిసిపోయాడు. ఆ రోజునుంచీ నా కొట్టు గుమ్మంలోనే ఉంటున్నాడు.

ఫాక్నా చుక్కాని వదిలేశాడు. "టైగ్, ఎవరికైనా చెప్పు. కుక్క లేకుండా నేను కదలను."

కార్మక్ తాడు కింద పడేశాడు. "నేనూ అంతే, చెప్పు."

"ఎవరికి చెప్పను? ఎదురుగానే ఉన్నారు కదరా, దరిద్రుల్లారా!" అన్నాను. "కుక్క బదులు నేను చెబుతాలే!" అనీ అన్నాను. కానీ తోడటం ఆపితే మునుగుతాం, తోడుతూ మాట్లాడటానికి నా ఊపిరి చాలడం లేదు. రెండు మాటలకే రొప్పు వచ్చి నీళ్ళు చీలమండలు దాటాయి.

గట్టు మీద అకార్డియన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆరుగురు అత్తలు గీత దగ్గర తచ్చాడుతున్నారు. ఏడో అత్త రాకపోతే పందెం లేదు. డింప్నా ముఖంలో వెలుగు పోవడం నాకు అంత దూరంనుంచి కూడా కనిపించింది. ఆమె ఫిరంగి వైపు చూసింది, మా వైపు చూసింది. అగ్గిపెట్టె ఫాదర్ క్విలిగన్ చేతిలో పెట్టింది.

"వెనకనుంచి ముట్టించాలి, ఫాదర్. ముందునుంచి కాదు."

"అమ్మా, నేను జీవితంలో కొవ్వొత్తి తప్ప..."

"కొవ్వొత్తే అనుకోండి. కాస్త గట్టిగా దగ్గుతుంది."

మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లు దిగొచ్చి, "నోరెళ్ళబెట్టి చూడకు, టైగ్, చెయ్యివ్వు" అని పడవలోకి అడుగు పెట్టి, కుక్క కూర్చున్న చోట కూర్చుంది. గట్టు మీద ఒకరిద్దరు ముసలాళ్ళు గొణిగారు. సముద్రం మాత్రం ఏమీ అనలేదు.

ఫిరంగి పేలింది. ఫాదర్ గారి టోపీ నీళ్ళలో పడింది. ఏడుగురు అత్తలూ ఒకేసారి గాలి పోసుకున్నారు.

ఆ శబ్దం నేనిప్పటికీ మరచిపోలేదు. ఏడు దుప్పట్లు ఒకేసారి దులిపినట్టు ఢబ్బుమంది. డింప్నా తలెత్తి చూసింది. చూసి పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వడం అంతకుముందు నేను వినలేదు.

ఆ తర్వాత నరకం మొదలైంది.

"డింప్నా, వాడికి చెప్పు, తాడు బిగించమని."

"కార్మక్, తాడు బిగించాలట."

"బిగించానని చెప్పు. కళ్ళుంటే చూడమని చెప్పు."

"ఫాక్నా, బిగించాడట. కళ్ళున్నాయా అని అడుగుతున్నాడు."

"వాడికంటే మంచి కళ్ళున్నాయని చెప్పు. ఇప్పుడు వదలమని చెప్పు."

ఈ రాయబారం ముగిసేలోపు గాలి దిక్కు మార్చుకుని వెళ్ళిపోయేది. మిగతా అత్తలు దీవి చుట్టూ తిరిగి వెనక్కొస్తూ మాకు ఎదురై, టోపీలూపి వెళ్ళారు. బ్రిడ్జెట్ ఒక్కటే మాకు కాస్త ముందుంది. దాన్ని పోస్టుమాస్టరు నడుపుతున్నాడు, లోపల ఇంకా బంగాళాదుంప మట్టి ఉండి బరువెక్కింది. నేను తోడుతూనే ఉన్నాను. సగం సముద్రం హనోరాలోకి వచ్చి నా బకెట్టులోంచి బయటికి వెళ్ళింది.

దీవి దాటి ఎదురుగాలికి వెనక్కి తిరిగాం. ఎదురుగా సన్యాసి, నల్లగా, నెత్తిన రెట్టతో. పంతొమ్మిదేళ్ళుగా మా కోసమే కూర్చున్నాడు.

ఫాక్నా గొంతు సవరించుకున్నాడు. "డింప్నా, వాడికి చెప్పు, తిప్పుతున్నానని."

మాట రాలేదు. తలెత్తి చూశాను. డింప్నా తెరచాప అంచు ఒళ్ళో వేసుకుని సూదీ దారంతో ఏదో కుడుతోంది. పెదాల మధ్య అరడజను గుండుసూదులు. తెరచాపలో చిరుగు లేదు. నేను ప్రమాణం చేసి చెబుతాను, ఎక్కడా చిరుగు లేదు.

"డింప్నా! వాడికి చెప్పు!"

సూదులు మెరిశాయి.

"డింప్నా, వాడేమన్నాడో చెప్పు!" అన్నాడు కార్మక్, అక్షరం అక్షరం విని కూడా.

ఇంకో కుట్టు. రాయి మీది కొంగ మమ్మల్ని చూసి ఎగిరిపోయింది. నేను బకెట్టు వదిలేసి మేరీమాతని పిలిచాను, పునీతులందర్నీ పిలిచాను, మా మేనత్తల్ని కూడా పిలిచాను. సన్యాసి మీద నత్తలు లెక్కపెట్టొచ్చు.

ఫాక్నా ముఖం ఎర్రబడింది, నల్లబడింది.

"తిప్పుతున్నా రా, గాడిదా!"

"సరే రా, దున్నపోతా!"

తాడు వదిలాడు, కొయ్య మా నెత్తిమీదుగా తిరిగింది, హనోరా ముక్కు సన్యాసిని రాసుకున్నట్టే వెళ్ళి పక్కకి మళ్ళింది.

"ఇలా అరిచి ఉంటే అప్పుడు తగిలేది కాదు కదరా!" అన్నాడు కార్మక్.

"ఇలాగే అరిచాన్రా! నీ చెవిలో ఊలు పెట్టుకున్నావు!"

"అమ్మ అల్లిన టోపీ అది! దాన్నంటావా?"

"అమ్మ నాకు అల్లింది! నువ్వు దొంగిలించావు!"

ఇక కట్ట తెగింది. పంతొమ్మిదేళ్ళ మాటలు. అమ్మ సమాధి దగ్గర ఏ కీర్తన పాడాల్సింది, క్రిస్మస్ పంది తొడ ఎవరు తిన్నారు, గుడ్లు పెట్టే కోడిని కూర ఎవరు చేశారు, రెండో సార్జెంటుకి ఎవరంటే ఎక్కువ ఇష్టం. ఫాక్నా వేలు చూపించడానికి ముందుకొచ్చాడు. ఒక వేలు చాలక రెండో చెయ్యి కూడా కావాల్సొచ్చింది. చుక్కాని వదిలేశాడు. కార్మక్ చేతిలో తాడు మాత్రం అలవాటుకొద్దీ తనంతట తానే బిగుస్తూ వదులవుతూ ఉంది, నోరు మాత్రం ఆగలేదు.

వెనక చుక్కాని అటూ ఇటూ ఊగుతోంది.

డింప్నా పెదాల మధ్యనుంచి సూదులు ఒక్కొక్కటే తీసి కోటు కాలరుకి గుచ్చుకుంది. లేచి, నా భుజం పట్టుకుని, ఇద్దరన్నదమ్ముల పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. వాళ్ళు ఆమెకి దారిచ్చారు, చూడకుండానే. ఆమె కూర్చుంది. చుక్కాని పట్టుకుంది.

నేను తోడటం మరచిపోయాను. ఆమె నావైపు చూడలేదు. తెరచాపని చూస్తోంది, నీళ్ళని చూస్తోంది. హనోరా ఒకసారి పక్కకి వాలి, నిటారుగా లేచి, అంతవరకూ ఎక్కడ దాచుకుందో ఆ వేగం అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేం లేదు, ఉప్పునీళ్ళలో ఉప్పునీళ్ళు ఎవరికి తెలుస్తాయి?

సన్యాసిని దాటాక రేవు దాకా గాలి పక్కనుంచే, ఇక పడవ మళ్ళించే పని లేదు. ముందు బ్రిడ్జెట్ నడిమధ్యన పోతూ, రేవులోంచి సముద్రంలోకి లాగే ఆటునీటికి ఎదురీదుతోంది. డింప్నా హనోరాని గట్టు వారకి తీసుకెళ్ళింది, రాళ్ళకి చెయ్యందేంత దగ్గరగా. అక్కడ నీరు నెమ్మది. ముప్ఫై ఏళ్ళు పందేలు ఆ గట్టు మీద నిలబడి చూసిన మనిషికి చెప్పాలా? గట్టు మీది జనం కాళ్ళ కిందుగా బ్రిడ్జెట్‌ని దాటేశాం. పోస్టుమాస్టరు మమ్మల్ని చూసి ఏదో అన్నాడు, ఫాదర్ వింటున్నాడని మళ్ళీ మింగేశాడు.

"కోడి ముసల్ది రా! గుడ్లు మానేసింది!" అంటున్నాడు ఫాక్నా.

"నీకు పెట్టడం మానేసింది! నాకు పెట్టేది!" అంటున్నాడు కార్మక్.

గీత దాటాం.

ఫిరంగి మొదటి పడవకే పేల్చాలి. మేం ఆరోవాళ్ళం. కానీ ఫాదర్ క్విలిగన్‌కి ఆ పొద్దున దాని రుచి తెలిసింది. వచ్చిన ప్రతి అత్తకీ పేలుస్తున్నాడు. మాకూ పేల్చాడు. ఆ పొగలోంచి రేకు గొట్టం బయటికొచ్చింది.

"హనోరా! చుక్కాని ఎవరిది?"

ఫాక్నా అప్పుడు తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. "నువ్వు పట్టుకోలేదా?"

"నేను నీతో మాట్లాడుతున్నాగా!" అన్నాడు కార్మక్.

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"చుక్కాని ఎవరిది?" మళ్ళీ అడిగాడు ఫాదర్.

డింప్నా లేచి నిలబడింది. మోకాళ్ళని తిట్టలేదు. ఒక చెయ్యి చుక్కాని మీద, ఒక చెయ్యి టోపీ మీద.

"డింప్నా కాడొగన్!"

గొంతు పగిలి చిన్నగా వచ్చింది. ఫాదర్ క్విలిగన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆ మాట గట్టు చివరి దాకా వినపడింది, ఆయనకీ వినపడే ఉంటుంది.

"వినపడలేదు! ఇంకోసారి!"

"డింప్నా కాడొగన్!" అని అరిచింది. ఈసారి దీవి మీది గొర్రెలు తలెత్తి చూశాయి.

మూడోసారి ఆయన అడగలేదు. అయినా ఆమె అరిచింది.